బ్యాకప్ తీశాను, ఫోటోలు మాత్రం తెరుచుకోవడం లేదు

కొత్త కంప్యూటర్ కొన్నారు, పాతది ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేశారు. ఇచ్చేముందు ఫోటోలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకున్నారు. ఇప్పుడు చూస్తే ఫైళ్ల పేర్లున్నాయి, సైజులున్నాయి, నొక్కితే తెరుచుకోవు. ఇలా వచ్చిన ప్రతివారినీ నేను మొదట అడిగేది ఒకటే: "పాతది ఇచ్చేముందు పెన్‌డ్రైవ్‌లోంచి ఒక్క ఫోటో అయినా తెరిచి చూశారా?" "కాపీ అయిపోయిందనే చూపించింది కదండీ" అంటారు.

డ్రైవే కనిపించకపోతే: సీపీయూ ముందువైపు పోర్టు వదిలి వెనకవైపు పెట్టండి, కేబుల్‌తో పెట్టే హార్డ్ డిస్క్ అయితే కేబుల్ మార్చండి. అప్పటికీ రాకపోతే విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో దానికి డ్రైవ్ లెటర్ (ఇ:, ఎఫ్: లాంటి అక్షరం) ఉందో లేదో చూడండి.

పెద్ద వీడియో ఒక్కటే కాపీ కాకపోతే: డ్రైవ్ బహుశా ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉండి ఉంటుంది. అందులో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. లోపలున్నవి వేరేచోట దాచి, ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి.

మొదటి ఫోల్డర్లు తెరుచుకుని, తర్వాతవి తెరుచుకోకపోతే: ముందుగా అనుమానించాల్సింది నకిలీ కెపాసిటీని.

మా పక్కింటావిడ కూతురి పెళ్లి ఫోటోలు దాచుకున్న పెన్‌డ్రైవ్ మీద 2 టీబీ అని ఉంది. కొన్నది ఆరువందలకి. నిశ్చితార్థం ఫోల్డర్ చక్కగా తెరుచుకుంది. పెళ్లికూతుర్ని చేసిన రోజువి సగం వచ్చాయి. జీలకర్ర బెల్లం నుంచి ఒక్కటీ రాలేదు. పరీక్షిస్తే లోపలున్నది 32 జీబీ చిప్పు. నేనూ మొదట వైరస్ అనుకుని ఒక రోజంతా పాడుచేశాను.

ఇలాంటి డ్రైవ్‌లో కంట్రోలర్ (చిప్పుని నడిపే భాగం) చేత అబద్ధం చెప్పిస్తారు. విండోస్ 2 టీబీ అని నమ్మి రాస్తూ పోతుంది. అసలు చిప్పు నిండాక వచ్చిన డేటా కొన్నింటిలో పాతదాని మీద పడుతుంది, కొన్నింటిలో ఎక్కడా నిలవదు. ఫైళ్ల పట్టిక సాధారణంగా డ్రైవ్ మొదటి భాగంలోనే ఉంటుంది కాబట్టి పేర్లు, సైజులు మాత్రం మిగులుతాయి. కాపీ కాగానే తెరిస్తే ఫోటో కనిపించవచ్చు కూడా, అప్పటికింకా ర్యామ్‌లోంచి చూపిస్తుంది గనక. అందుకే ఎజెక్ట్ చేసి, తీసి, మళ్లీ పెట్టి, చివర కాపీ అయిన ఫైళ్లు తెరవండి. పాత కంప్యూటర్ తీసుకెళ్లే మనిషి గుమ్మంలో నిలబడి ఉన్నా సరే, ఇది చూశాకే ఇవ్వండి.

ఇప్పటికే ఇలా జరిగి ఉంటే ఆ డ్రైవ్‌లో ఇంకేమీ రాయకండి. పాత కంప్యూటర్ ఇంకా ఫార్మాట్ కాకపోతే వెంటనే వెనక్కి అడగండి. ఫోటోగ్రాఫర్ దగ్గర, బంధువుల ఫోన్లలో వెతకండి. చిప్పులో నిలవని డేటాని ఏ రికవరీ సాఫ్ట్‌వేరూ తేలేదు.

కొత్త డ్రైవ్ కొన్నప్పుడు ఖాళీగా ఉండగానే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రామ్ నడపండి. లినక్స్‌లో అయితే ఎఫ్3. ఇవి డ్రైవ్ నిండా రాసి, తిరిగి చదివి సరిచూస్తాయి. సెకనుకి 10 ఎంబీ చొప్పున 64 జీబీ రాయడానికే గంటా ముప్పావు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి. ఫెయిలైతే తిప్పి పంపేయండి, "ఉన్న 32 జీబీ అయినా వాడుకుందాం" అనుకోవద్దు.

ఫోటోలు ఇలా పాడవడానికి చెమ్మ, వైరస్ లాంటివి కారణమవడం అరుదు. హార్డ్ డిస్క్ టక్ టక్ అంటుంటే మాత్రం మళ్లీ మళ్లీ ఆన్ చేయకుండా డేటా రికవరీ వాళ్లకి ఇచ్చేయండి.