చూపు లేని, ఎదిగిన బిడ్డకు సంగీత పరికరం: దరఖాస్తు ఎలా రాయాలి, ఏం జత చేయాలి

మా అమ్మాయికి 27 ఏళ్లు. పుట్టుకతోనే చూపు లేదు. సెరిబ్రల్ పాల్సీ వల్ల కుడిచెయ్యి దాదాపు పనిచేయదు, ఎడమచేతిలో బొటనవేలు, చూపుడువేలు మాత్రం బాగా కదులుతాయి. పాటంటే ప్రాణం. ఇవన్నీ నా మొదటి దరఖాస్తులోనూ ఉన్నాయి, అయినా అది తిరిగొచ్చింది. 'వినోద పరికరాలకు సహాయం వర్తించదు' అని ఒక్క లైను. రెండోసారి మంజూరైంది. అడిగిన పరికరం అదే, జత చేసిన డాక్టరు కాగితాలూ అవే, రాసిన తీరు మారింది, పరికరాన్ని వాడి చూసిన రోజుల పట్టిక ఒకటి కొత్తగా చేరింది. ఆ తేడా ముందే తెలిసుంటే మాకు చాలా నెలలు కలిసొచ్చేవి, మీకైనా కలిసిరావాలని ఇది రాస్తున్నాను.

సహాయ పరికరాలిచ్చే ప్రభుత్వ సేవ కొన్నిచోట్ల సంక్షేమ శాఖ కింద ఉంటుంది, కొన్నిచోట్ల ఆరోగ్య శాఖ, ఇంకొన్నిచోట్ల బీమా. ఫారాలు వేరైనా అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే: ఎవరికి, ఏ ఇబ్బంది, ఏ పరికరం, అదే ఎందుకు, ఖర్చెంత, వాడటం ఎవరు నేర్పుతారు. ఇందులో మన దరఖాస్తులు ఎక్కువగా తప్పేది 'అదే ఎందుకు' దగ్గర.

ఫారం తెరవకముందు చేయాల్సిన పని

ఒక వారం పాటు మీ బిడ్డ పాట ఎలా వింటున్నారో, ఎలా వాయిస్తున్నారో చూసి, చూసింది చూసినట్టు రాయండి. నేను రాసింది ఇది: మా ఇంట్లో పాత టేప్ రికార్డర్ ఉండేది, బటన్ నొక్కితే టక్‌మని లోపలికి దిగేది, ఆ దిగడం వేలికి తెలిసేది, అమ్మాయి తనే పెట్టుకుని తనే ఆపుకునేది. అది పాడయ్యాక కొన్న స్పీకర్‌కి పైనంతా నున్నటి గాజుపలక. బటన్ ఎక్కడుందో వెతుకుతూ వేలు ఆనించగానే పాట మారిపోయేది, ఇంకోచోట తగిలితే ఆగిపోయేది. నాలుగైదుసార్లు అలా అయ్యాక చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకునేది. ఆ తర్వాత పాట కావాలంటే నన్ను పిలవడమే, నేను స్నానానికి వెళ్తే వచ్చేదాకా అలా కూర్చోవడమే. రెండో దరఖాస్తులో ఈ పేరా ఉన్నదున్నట్టు దించాను. 'సంగీతమంటే చాలా ఇష్టం' అన్న మాట చదివితే అధికారికి ఒక అభిరుచి కనిపిస్తుంది, చెయ్యి ఒళ్లోకి వెళ్లిపోయింది అని చదివితే అడ్డంకి కనిపిస్తుంది. ఈ సేవ ఉన్నది అడ్డంకి తీయడానికి.

ఏం అడగాలి

వినడం, వాయించడం, పాట కట్టుకోవడం మూడూ వేర్వేరు అవసరాలు, వీటిని కలిపేసి 'మ్యూజిక్ సిస్టమ్' అని రాయకండి.

వినడానికైతే డైసీ ప్లేయర్ అని ఒకటుంది. చూపు లేనివాళ్ల కోసమే తయారైన ఆడియో ప్లేయర్ అది, ఉబ్బెత్తు బటన్లుంటాయి, ఏ బటన్ దేనికో అదే చెప్పే ఏర్పాటు చాలా మోడళ్లలో ఉంటుంది, ఆపిన చోటి నుంచే మళ్లీ మొదలుపెడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన 50 ముఖ్య సహాయ పరికరాల జాబితాలో డైసీ సౌకర్యమున్న ఆడియో ప్లేయర్, స్క్రీన్ రీడర్ (తెరమీద ఉన్నది పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) రెండూ ఉన్నాయి. మీరు అడిగేది ఆ జాబితాలో ఉంటే ఆ మాట తప్పకుండా రాయండి, అది విలాసం కాదని చెప్పడానికి ఇంతకంటే చిన్న దారి లేదు. వేళ్లు అసలే సహకరించకపోతే పెద్ద స్విచ్ కావాలి, అరచేత్తోనో మోచేత్తోనో తలతోనో నొక్కేది. ఈ స్విచ్‌లకు ఎక్కువగా 3.5 మిల్లీమీటర్ల మోనో పిన్ను ఉంటుంది కాబట్టి మీరు అడిగే ప్లేయర్‌కి ఆ స్విచ్ పెట్టే రంధ్రం ఉందా, లేక మధ్యలో అడాప్టర్ కావాలా అన్నది ముందే తేల్చుకోండి. మాట స్పష్టంగా ఉన్నవాళ్లకు వాయిస్‌తో నడిచే స్పీకర్ సులువైన దారి. మాట తడబడేవాళ్లకు అదే పెద్ద శిక్ష, పదిసార్లు అడిగినా 'అర్థం కాలేదు' అని వినాల్సి రావడం చిన్న బాధ కాదు, దయచేసి ముందు పరీక్షించి చూడండి.

వాయించడానికి కీబోర్డ్ అడుగుతుంటే ఒక విషయం గట్టిగా పట్టుకోండి. తెల్ల మెట్లు, నల్ల మెట్లు చూపు లేకపోయినా తడిమితే దొరుకుతాయి, ఇబ్బందంతా మెనూలతోనే. వాద్యం మార్చాలంటే తెరమీద చూసి ఎంచుకోవాల్సిన కీబోర్డ్ అయితే మీ బిడ్డ ప్రతిసారీ ఇంకొకరి కళ్లమీద ఆధారపడాలి. మామూలు బటన్లతోనే శబ్దాలు మార్చుకోగలిగేది, లేదా కంప్యూటర్‌కి కలిపితే మెనూలను పైకి చదివేది వెతకండి. నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల కంప్లీట్ కంట్రోల్ ఎస్ సిరీస్ కీబోర్డుల్లో అలాంటి ఏర్పాటు ఉంది, నాబ్‌ని తాకితే అది దేనికో మాట్లాడి చెబుతుంది. చేతులు మెట్ల దాకా చేరనివాళ్లకు సౌండ్‌బీమ్ లాంటివి ఉన్నాయి, సెన్సర్ ముందు చెయ్యి గానీ తల గానీ కదిపితే ఆ కదలికే స్వరమవుతుంది. వీటిలో చాలావరకు, వాద్యాలూ కంప్యూటర్లూ ఒకదానితో ఒకటి కలిసి పనిచేయడానికి పెట్టుకున్న మిడి అనే ఉమ్మడి పద్ధతిలో నడుస్తాయి, 1983 నుంచి ఉన్న పద్ధతి, అందుకే ఒక కంపెనీ స్విచ్‌నీ ఇంకో కంపెనీ శబ్దాన్నీ కలపడం వీలవుతుంది.

పాట రికార్డు చేసుకోవడానికి కంప్యూటర్ అడిగేవాళ్లు ఉచితంగా దొరికేవి ముందే వాడి చూడాలి. విండోస్‌లో ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్ ఉచితం, రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి ఒసారా అనే ఉచిత జోడింపు పెడితే చూపు లేనివాళ్లు స్క్రీన్ రీడర్‌తో నడుపుకోగలుగుతారు. ఐఫోన్, ఐప్యాడ్‌లలో వాయిస్‌ఓవర్ అనే స్క్రీన్ రీడర్ ముందే ఉంటుంది, పాటలు రికార్డు చేసే గరాజ్‌బ్యాండ్ యాప్ దాంతో పనిచేస్తుంది. ఉచితమైనవి వాడి చూశాం, ఇక్కడిదాకా సాయపడ్డాయి, ఇక్కడ ఆగిపోయాం అని రాస్తే దరఖాస్తుకి బలం వస్తుంది. 'మామూలు ఫోన్‌తో సరిపోదా' అన్న ప్రశ్నకు జవాబు అందులోనే ఉంటుంది.

సంతకం ఎవరిది

18 దాటాక అమ్మానాన్నల సంతకం దానంతటదే చెల్లదు. చాలామందికి ఇది దరఖాస్తు వెనక్కి వచ్చాకే తెలుస్తుంది. దరఖాస్తుదారు మీ బిడ్డ. మీరు సహాయకులు. కోర్టు గానీ చట్టం కింద ఏర్పడిన కమిటీ గానీ మిమ్మల్ని సంరక్షకులుగా నియమించి ఉంటే ఆ ఉత్తర్వు నకలు జత చేయండి, లేకపోతే బిడ్డ సంతకమో వేలిముద్రో, పక్కన సాక్షి సంతకమో కావాలి, ఏది చెల్లుతుందో ఫారంలోనే రాసి ఉంటుంది, లేకుంటే ఫోన్ చేసి అడగండి. దీన్ని కాగితం పనిగా మాత్రమే చూడొద్దని నా మనవి. 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం చెప్పేది అదే, నిర్ణయం వాళ్లది, అందుకు కావలసిన సాయం మనది. మా అమ్మాయి మాటలు తక్కువ. రెండు ప్లేయర్లు చెరోవైపు పెట్టి, రెండింటినీ తడిమించి, ఏది కావాలని అడిగితే ఏది ఎంచుకుందో మూడు వేర్వేరు రోజుల్లో రాసుకున్నాం. మూడుసార్లూ ఒకదాన్నే పట్టుకుంది. ఆ మూడు తేదీలు దరఖాస్తులో ఉన్నాయి.

అసెస్‌మెంట్, ట్రయల్

చాలా సేవల్లో ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడానికి సాయపడే నిపుణులు) గానీ పునరావాస నిపుణులు గానీ చూసి ఇచ్చే రిపోర్టు తప్పనిసరి. అపాయింట్‌మెంట్‌కి మీ వారం రోజుల నోట్స్ తీసుకెళ్లండి, ఎందుకంటే కొత్తచోట, కొత్త గొంతుల మధ్య మన పిల్లలు ఇంట్లో చేసేది చేయకపోవచ్చు. ఇంట్లో బటన్ నొక్కుతున్న 20 సెకన్ల వీడియో ఒకటి ఉంటే ఇంకా మంచిది. రిపోర్టులో చూపు గురించీ చేతి కదలిక గురించీ రెండూ రాయమని అడగండి. చూపు ధ్రువీకరణ పత్రం ఒక్కటే పెట్టి పెద్ద స్విచ్ అడిగితే, చూపు లేకపోవడానికీ స్విచ్‌కీ సంబంధమేంటని ప్రశ్న వస్తుంది. న్యాయమైన ప్రశ్నే.

వీలైతే పరికరాన్ని కొన్నాళ్లు అరువు తీసుకుని వాడి చూడండి. సహాయ పరికరాల కేంద్రాలు, చూపు లేనివాళ్ల సంస్థలు కొన్ని ఇలా ఇస్తాయి. ఆ రోజుల్లో చిన్న పట్టిక రాయండి: తేదీ, తనే ఆన్ చేసిందా, ఎక్కడ సాయం కావలసి వచ్చింది. మా పట్టికలో 11 రోజులున్నాయి, 9 రోజులు ఎవరి సాయం లేకుండా తనే ఆన్ చేసింది. మా దరఖాస్తులో అన్నిటికంటే విలువైన కాగితం అదేనని నేను నమ్ముతాను.

'అదే ఎందుకు' అన్న పెట్టెలో ఏం రాయాలి

'వినోదం', 'కాలక్షేపం' అన్న మాటలు వాడకండి. అవి తప్పు మాటలని కాదు, పాట విని సంతోషించే హక్కు అందరికీ ఉంది, కానీ ఆ మాట కనబడగానే ఫైలు పక్కకు వెళ్లిపోతుంది. వాళ్లకు అలవాటైన భాషలోనే రాయండి. ఐసీఎఫ్ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఆమోదించిన వర్గీకరణ ఉంది, చాలామంది థెరపిస్టులకు తెలుసు, అందులో డి920 అన్న కోడ్ కింద విశ్రాంతి, కళలు, సంస్కృతి ఉంటాయి, వాద్యం వాయించడం కూడా అందులోకే వస్తుంది. సహాయ పరికరాల అంతర్జాతీయ వర్గీకరణ ఐఎస్ఓ 9999లో 30వ తరగతి వినోద, విశ్రాంతి పరికరాలకే కేటాయించారు, సంగీతం వాయించడానికీ కూర్చడానికీ వాడేవి అక్కడికే చెందుతాయి. అంటే సంగీత పరికరం సహాయ పరికరం కాదనడానికి లేదు. ఇక పైన చెప్పిన ఐక్యరాజ్యసమితి ఒడంబడికలో 30వ అధికరణం సాంస్కృతిక జీవితంలో పాల్గొనే హక్కు గురించి, తమ సృజనను పెంచుకునే అవకాశం గురించి నేరుగా చెబుతుంది. మీ దేశం దాన్ని ఆమోదించి ఉంటే ఒక్క వాక్యంలో పెట్టండి, పేజీలు నింపక్కర్లేదు.

మా మొదటి దరఖాస్తులో ఇలా ఉంది: 'మా అమ్మాయికి పాటలంటే ఇష్టం, మంచి ప్లేయర్ ఇప్పించగలరు.' రెండోదానిలో ఇలా: 'దరఖాస్తుదారు ప్రస్తుతం ఇంకొకరి సాయం లేకుండా పాట మొదలుపెట్టలేరు, ఆపలేరు, శబ్దం తగ్గించలేరు. టచ్ పరికరాలు రెండు వాడి చూశాం, కారణాలు జతపరిచాం. ఉబ్బెత్తు బటన్ల ప్లేయర్‌తో 11 రోజుల ట్రయల్‌లో 9 రోజులు సొంతంగా వాడారు.' చూశారుగా, రెండోదానిలో ఇష్టం అన్న మాటే లేదు, అయినా ఆమె ఇష్టం దానిలోనే ఎక్కువ కనిపిస్తుంది.

కాగితాలు, కొటేషన్

గుర్తింపు, చిరునామా, వైకల్య ధ్రువీకరణ, అడిగితే ఆదాయం, థెరపిస్ట్ రిపోర్టు, ట్రయల్ పట్టిక, కొటేషన్. అంతే. కొటేషన్‌లో మాత్రం జాగ్రత్త: చక్రాల కుర్చీకో బల్లకో పరికరాన్ని బిగించే స్టాండు, స్విచ్, కేబుల్, అడాప్టర్, నేర్పించే గంటలు, వారంటీ అన్నీ విడివిడిగా వేయించండి. స్టాండు మర్చిపోతే పరికరం జారి కిందపడుతూనే ఉంటుంది, దానికోసం మళ్లీ కొత్త దరఖాస్తు. ఇంకొకటి, మంజూరు కాకముందు కొనేయకండి, ముందే పెట్టిన ఖర్చును చాలా సేవలు తిరిగి ఇవ్వవు.

ఫారం స్కాన్ చేసిన బొమ్మలా ఉండి స్క్రీన్ రీడర్‌కి అందకపోతే చదవగలిగే ఫైలు పంపమని అడగండి. తనే చదివి నింపగలిగే బిడ్డలున్న ఇళ్లలో ఇది చాలా ముఖ్యం.

ఇంకో తలుపు కూడా తట్టండి

చూపు లేనివాళ్ల గ్రంథాలయ సేవలో సభ్యత్వం వేరే దరఖాస్తు, సాధారణంగా సులువైనది. కొన్ని గ్రంథాలయాలు ప్లేయర్‌ని కూడా అరువిస్తాయి, అక్కడే దొరికితే పెద్ద దరఖాస్తులో కీబోర్డ్ అడగొచ్చు. చూపు లేనివాళ్లకు పుస్తకాలు అందడం కోసం చేసుకున్న మరాకేష్ అంతర్జాతీయ ఒప్పందం 2013లో కుదిరి 2016లో అమల్లోకి వచ్చింది, దాని కింద పుస్తకాలే కాదు, స్వరలిపి కూడా బ్రెయిల్‌లోనో పెద్ద అక్షరాల్లోనో దేశాల మధ్య పంచుకోవచ్చు. చూపున్నా పుస్తకం పట్టుకోలేని, పేజీ తిప్పలేని వైకల్యం ఉన్నవాళ్లకూ ఇది వర్తిస్తుంది. లూయీ బ్రెయిల్ 1829లో తన చుక్కల పద్ధతిని అచ్చువేసినప్పుడే అందులో సంగీతానికీ చోటిచ్చాడు, ఆయన స్వయంగా ఆర్గాన్ వాయించేవాడు.

తిరస్కరిస్తే

కారణం రాతపూర్వకంగా అడగండి. అప్పీలు గడువు సాధారణంగా ఆ ఉత్తరంలోనే ఉంటుంది, ఉత్తరం అందిన తేదీ కవరు మీదే రాసి పెట్టుకోండి. అప్పీలులో పాత దరఖాస్తునే మళ్లీ పంపితే పాత జవాబే వస్తుంది, వాళ్లు చెప్పిన కారణానికి సూటిగా జవాబిచ్చే ఒక్క కొత్త కాగితమైనా ఉండాలి. రెండోసారి దరఖాస్తు చేసినప్పుడు మాకు అది ట్రయల్ పట్టిక. ఫోన్‌లో ఎవరితో ఏ రోజు మాట్లాడారో, ఏమన్నారో రాసుకోండి. ప్రతి కాగితానికీ రసీదు తీసుకోండి. టెన్షన్‌లో గొంతు పెంచాలనిపిస్తుంది, నాకూ అనిపించింది, కానీ కౌంటర్ అవతల కూర్చున్న మనిషికి మన ఇంట్లో జరిగేది తెలియదు, అది తెలిసేలా రాయడమే మన చేతిలో ఉన్న పని.

పరికరం వచ్చాక మొదటి నెల పట్టిక కొనసాగించండి, రిపేరుకి గానీ తర్వాతి పరికరానికి గానీ అడిగేటప్పుడు అదే ఆధారం. మా పట్టికలో ఆరో రోజు దగ్గర ఇలా రాసి ఉంది: 'నేను పెట్టిన పాట ఆపేసింది. వేరేది పెట్టుకుంది.'