స్టిక్ డ్రిఫ్ట్: నేనెలా బాగుచేసుకున్నానంటే

మావాడి వీడియో గేమ్‌లో బొమ్మ, కంట్రోలర్ మీది స్టిక్‌ని (బొటనవేలితో తిప్పే పుల్ల) ఎవరూ తాకకుండానే ఎడమవైపు నడుచుకుంటూ పోతోంది. దీన్నే స్టిక్ డ్రిఫ్ట్ అంటారు. కంట్రోలర్ కొని 14 నెలలు, వారంటీ 12. సర్వీస్ సెంటర్లో "వాడకంలో అరిగింది సార్, కొత్తది తీసుకోండి" అన్నారు.

ఇంటికొచ్చి విప్పాను. స్టిక్ పక్కన రెండు బుల్లి పొటెన్షియోమీటర్లు, అంటే స్టిక్ ఎటు వంగిందో వోల్టేజీగా చెప్పే భాగాలు. లోపల కార్బన్ పూత మీద లోహపు నాలుక రాసుకుంటూ తిరుగుతుంది. పూత అరిగితే స్టిక్ నడిమధ్యే ఉన్నా వోల్టేజీ తప్పు చెబుతుంది. ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచా. పది రోజులు బాగుంది, మళ్లీ మొదటికే వచ్చింది.

ఇక కోఠి గుజరాతీ గల్లీ నుంచి హాల్ ఎఫెక్ట్ స్టిక్ మాడ్యూల్ తెచ్చాను. అందులో అయస్కాంతం, సెన్సర్ పని చేస్తాయి, రాపిడి ఉండదు. పాతదాన్ని ఊడదీయడమే అసలు పరీక్ష. ఫ్లక్స్ (టంకం బాగా పారేలా చేసే జిగురు) పూసి, ప్రతి కాలికీ కాస్త కొత్త టంకం కలిపి, వేడికి కరిగాక పీల్చేయాలి. తొందరపడి లాగితే బోర్డు మీది రాగి గీత లేచొస్తుంది. (నాకు ఒకటి లేచింది. సన్నతీగతో అతికించా.) చివర్లో క్యాలిబ్రేషన్, అంటే స్టిక్ నడిమధ్య ఎక్కడో కంట్రోలర్‌కి నేర్పడం, మరిచిపోవద్దు.

డిజైన్లోనే అరుగుదల పెట్టి కొన్నవాడి మీదకి తోసేయడమేంటి? మైక్రోసాఫ్ట్ గేమ్ మెషీన్ ఎక్స్‌బాక్స్ 360 లోపమొచ్చి మూడు ఎర్రలైట్లు వెలిగి పనిచేయకుండా పోయిన గొడవప్పుడు, 2007 జులైలో, మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి వారంటీని మూడేళ్లకు పెంచింది, అందుకు వంద కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టింది. అంతకుముందు రిపేరుకు డబ్బు కట్టినవాళ్లకూ వెనక్కిచ్చింది. నేనూ బిల్లు పట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశా. ఫిర్యాదు నంబరైతే వచ్చింది.