పొలం పనికి జపాన్ కెయ్ ట్రక్కు: టెక్సాస్‌లో కొనడం, నడపడం

టెక్సాస్‌లో స్థిరపడి, ఊరికి దూరంగా ఐదో పదో ఎకరాలు కొనుక్కొని కూరగాయలో పండ్లచెట్లో పెంచుకుంటున్న తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: మన ఊళ్లో టాటా ఏస్ చేసే పనిని ఇక్కడ ఏ బండి చేస్తుంది? అమెరికాలో అమ్మే పికప్పులు ఆ పనికి మరీ పెద్దవి. చెట్ల వరుసల మధ్య అవి తిరగవు, మెత్తటి నేలలో తమ బరువుకు తామే దిగబడతాయి. ఇలాంటి పని కోసమే జపాన్ రైతులు దశాబ్దాలుగా వాడుతున్న బండి కెయ్ ట్రక్కు. సుజుకి క్యారీ, దైహత్సు హైజెట్, హోండా యాక్టీ, సుబారు సాంబర్, మిత్సుబిషి మినీక్యాబ్ ఈ తరగతిలో ముఖ్యమైనవి. మన మారుతి ఓమ్ని కూడా ఆ క్యారీ వంశంలో పుట్టినదే కనుక ఈ బండ్ల తీరు మనకు బొత్తిగా కొత్త కాదు.

జపాన్ చట్టం ప్రకారం 1990 నుంచి ఈ బండ్ల ఇంజన్ 660 సీసీకి మించకూడదు. 1998 తర్వాతి నమూనాల పొడవు 3.4 మీటర్లకు, వెడల్పు 1.48 మీటర్లకు లోబడి ఉండాలి. మోయదగిన బరువు 350 కిలోలు. తొట్టి సుమారు 1.9 మీటర్ల పొడవు, 1.4 మీటర్ల వెడల్పు ఉంటుంది. దాని మూడు వైపుల తలుపులూ కిందికి దిగుతాయి కనుక బస్తాలను ఏ పక్కనుంచైనా ఎక్కించవచ్చు, దించవచ్చు.

కొనే ముందు బండి వయసును నిర్ధారించుకోవడం అన్నిటికంటే ముఖ్యం. తయారై 25 ఏళ్లు నిండిన బండికి అమెరికా సమాఖ్య భద్రతా ప్రమాణాల నుంచి మినహాయింపు ఉంది. ఈ లెక్క సంవత్సరంతో సరిపోదు, నెల కూడా కలవాలి. 2001 మార్చిలో తయారైన బండి 2026 మార్చి వచ్చేదాకా ఆ మినహాయింపులోకి రాదు. జపాన్ పత్రాల్లో సంవత్సరం చాలాసార్లు హెయ్‌సెయ్ శకంలో రాసి ఉంటుంది. ఆ అంకెకు 1988 కలిపితే మన సంవత్సరం వస్తుంది. హెయ్‌సెయ్ 13 అంటే 2001 అన్నమాట. అయితే ఎగుమతి పత్రం చూపేది మొదటి రిజిస్ట్రేషన్ నెల మాత్రమే. సీటుబెల్టు మొదట్లో కుట్టిన చీటీ మీద ఆ బెల్టు తయారైన కాలం ఉంటుంది కాబట్టి, అమ్మేవారిని దాని ఫోటో కూడా అడిగి రెండింటినీ పోల్చి చూడండి. 25 ఏళ్లు నిండకుండానే, గంటకు 25 మైళ్లు దాటకుండా వేగాన్ని బిగించి, పొలంలో మాత్రమే తిరిగే బండిగా దిగుమతి చేసినవి కూడా మార్కెట్లో ఉన్నాయి. రోడ్డెక్కే ఆలోచన ఏమాత్రం ఉన్నా వాటి జోలికి వెళ్లవద్దని నా సలహా.

ట్రక్కుల దిగుమతిపై 1964 నుంచి 25 శాతం సుంకం అమల్లో ఉంది. దాని మీద ఓడ కిరాయి, కస్టమ్స్ బ్రోకర్ రుసుము చేరతాయి. చాసిస్‌కు విదేశపు మట్టి అంటుకొని ఉంటే రేవులోనే ఆపుతారు కనుక అక్కడే కడిగించి పంపమనండి. ఇక రిజిస్ట్రేషన్ నియమాలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి. టెక్సాస్ 2024లో ఈ బండ్లకు దారి తెరిచింది. కొన్ని రాష్ట్రాలు తక్కువ వేగపు రోడ్లకే పరిమితం చేస్తాయి, కొన్ని అసలే ఒప్పుకోవు. కాబట్టి డబ్బు కట్టే ముందే మీ రాష్ట్ర నియమాన్ని, బీమా దొరుకుతుందా లేదా అన్నదాన్ని లిఖితపూర్వకంగా తెలుసుకోండి.

బండిని ఎంచుకునేటప్పుడు తిరిగిన కిలోమీటర్ల కంటే తుప్పుకు ఎక్కువ విలువ ఇవ్వాలి. మంచు కురిసే ఉత్తర జపాన్‌లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ప్రాంతపు బండి పైకి తళతళలాడుతున్నా కింద చాసిస్ తినేసి ఉండవచ్చు. తొట్టి అడుగు, తలుపు కింది మెట్టు, వెనక చక్రాల పైభాగం ఫోటోలు తప్పక తెప్పించుకోండి. జపాన్ వేలంలో బండి పరిస్థితిని రాసి ఇచ్చే పత్రంలో ఆర్ (R) అనే అక్షరం కనిపిస్తే దెబ్బ తగిలి మరమ్మతు అయిన బండి అని అర్థం. ఇంజన్ స్థానం కూడా గమనించదగినదే. సాంబర్‌లో అది వెనక చక్రాల దగ్గర ఉండటంతో ఖాళీగా ఎత్తు ఎక్కేటప్పుడు కూడా చక్రాలకు పట్టు దొరుకుతుంది. యాక్టీలో తొట్టి కింద ఉంటుంది. పాత క్యారీలో సీటు కిందే ఉండటం వల్ల టెక్సాస్ ఎండల్లో క్యాబిన్ బాగా వేడెక్కుతుంది.

బండి ఇంటికి చేరిన తర్వాత, ఎంత బాగా నడుస్తున్నా సరే, ముందుగా నూనెలన్నీ, కూలెంటు, బ్రేక్ ద్రవం, రబ్బరు గొట్టాలు మార్చించండి. సుజుకి ఎఫ్ 6 ఏ ఇంజన్‌కు టైమింగ్ బెల్టు ఉంటుంది. దాన్ని మార్చినట్టు రుజువు లేకపోతే మారలేదనే భావించాలి. ఇక్కడి పెట్రోలులో సాధారణంగా ఇథనాల్ కలుస్తుంది కనుక పాత కార్బురేటర్ల రబ్బరు భాగాల మీద ఒక కన్నేసి ఉంచండి. టైర్లు మార్చవలసి వస్తే 145ఆర్12 కొలతలో, ట్రక్కుల కోసం చేసినవే తీసుకోండి. అదే కొలతలో దొరికే కారు టైర్లు ఈ బరువును ఓర్చుకోవు.

350 కిలోలు అంటే ఎంతో ఒకసారి లెక్క వేసుకోవాలి. 50 పౌండ్ల దాణా బస్తాలు పదిహేను, లేదా 200 లీటర్ల నీళ్ల డ్రమ్ము ఒకటీ దానితో పాటు పనిముట్లూ. రెండో డ్రమ్ము నింపితే పరిమితి దాటినట్టే. స్ప్రింగులు ఆ బరువును మోస్తున్నట్టు కనిపించవచ్చు కానీ ఆపవలసి వచ్చినప్పుడు ఆ చిన్న బ్రేకులు మోయలేవు.

రోడ్డు మీద దీన్ని గంటకు 45 మైళ్లకు అటూ ఇటూగా, ఊరి దారుల్లోనే నడపండి. ఎయిర్‌బ్యాగులు చాలావాటికి లేవు, డ్రైవరు మోకాళ్లకూ ముందు బంపరుకూ మధ్య ఉన్నది ఒక్క రేకు మాత్రమే. కుటుంబాన్ని ఎక్కించుకొని ఇంటర్‌స్టేట్ మీదికి తీసుకెళ్లడం పొరపాటని గట్టిగా చెబుతాను. కుడివైపు స్టీరింగు, ఎడమచేతి గేరు భారతదేశంలో బండి నేర్చుకున్నవారికి చప్పున అలవడతాయి. అయితే ఇక్కడ వాహనాలు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి గనుక ముందున్న లారీని దాటాలంటే ఎదుటి దారి మనకు కనబడదు. రెండు వరుసల రోడ్డు మీద ఆ ప్రయత్నమే మానుకోవడం మంచిది.

ఈ బండి బలమంతా దారి లేనిచోట తెలుస్తుంది. దాని బరువు 700 కిలోల ప్రాంతంలోనే ఉండటం అందుకు కారణం. డాలస్, వేకో చుట్టూ ఉన్న నేల అచ్చం మన నల్లరేగడి వంటిదే: ఎండితే నెర్రెలు విచ్చుతుంది, తడిస్తే బంకలా అంటుకుంటుంది. వాన పడిన మర్నాడు ఆ నేలలోకి వెళ్తే మట్టి టైర్ల గాళ్లలో నిండిపోయి చక్రాలు నున్నగా మారతాయి, అప్పుడు నాలుగు చక్రాలూ తిరిగినా బండి కదలదు. నేల పదునుకు వచ్చేదాకా ఆగడమే దానికి మందు. ఇసుక నేలలో, మెత్తటి దుక్కిలో మాత్రం టైర్ల గాలిని 20 పీఎస్ఐ వరకు తగ్గిస్తే చక్రం నేలను వెడల్పుగా పట్టుకుంటుంది. తిరిగి రోడ్డెక్కే ముందు, ముఖ్యంగా బరువు ఉన్నప్పుడు, గాలి మళ్లీ నింపాలి.

ఫోర్ వీల్ డ్రైవ్‌ను బురదలోకి దిగక ముందే వేసుకోవాలి, దిగబడ్డాక కాదు. చాలా నమూనాల్లో ముందు, వెనక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్, అంటే మలుపుల్లో చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక, ఉండదు కాబట్టి ఎండిన తారు రోడ్డు మీద దాన్ని వాడితే మలుపుల్లో గేర్లు బిగుసుకొని దెబ్బతింటాయి. వెనక చక్రాలు రెండింటినీ ఒకే వేగంతో తిప్పే డిఫరెన్షియల్ లాక్ ఉంటే నెమ్మదిగా, తిన్నగా వెళ్తున్నప్పుడే వేసి, తిరిగే ముందు తీసేయండి. బండి సన్నగా, ఎత్తుగా ఉంటుంది కనుక చెరువుగట్టు వంటి వాలును అడ్డంగా దాటకుండా నిలువుగానే ఎక్కి దిగాలి. బండిని ఎత్తి పెద్ద టైర్లు బిగించాలన్న ఉబలాటం చాలామందిలో కనిపిస్తుంది. రెండు అంగుళాలు దాటితే ముందు ఇరుసు కీళ్లు వంకర తిరిగి త్వరగా అరుగుతాయి, పెద్ద చక్రాన్ని లాగలేక చిన్న ఇంజన్ రొప్పుతుంది, బోల్తాపడే ప్రమాదమూ పెరుగుతుంది. పనిచేసే బండికి ముతక గాళ్ల టైర్లు చాలు.

నీటిలో దిగవలసి వస్తే లోతు చక్రం నడిబొడ్డును, అంటే సుమారు 27 సెంటీమీటర్లను, మించకూడదు. బయటికి వచ్చాక నాలుగైదు సార్లు బ్రేకు మెల్లగా తొక్కి డ్రమ్ములను ఆరబెట్టండి. అనుకోకుండా అంతకంటే లోతుకు దిగినట్టయితే ఆ సాయంత్రమే డిఫరెన్షియల్ నట్టు విప్పి నూనె చూడండి. అది పాలలా తెల్లబడి ఉంటే లోపలికి నీరు చేరినట్టే. మర్నాడు బండి తీయకముందే ఆ నూనె మార్చాలి.