షే ఇంజన్ మోడల్ వంపుల్లో కుదుపు ఎలా పోయిందంటే

1:48 స్కేల్, 16.5 మి.మీ. గేజ్ (పట్టాల మధ్య దూరం), రెండు ట్రక్కుల (చక్రాల బండ్ల) షే, అంటే కుడిపక్క షాఫ్ట్, గేర్లతో చక్రాలు తిప్పే ఆవిరి ఇంజన్ నమూనా. తిన్నటి పట్టాల మీద సాఫీగా నడిచేది. వంపులో మాత్రం కుడిపక్క షాఫ్ట్ చుట్టుకి రెండుసార్లు కుదిపేది, బిగుతు వంపులో పట్టేసేది. గేర్లు సడలించడం, బరువు పెంచడం, మోటార్ మార్చడం, ఏదీ పనిచేయలేదు.

స్లిప్ షాఫ్ట్ (ఒకదానిలో ఒకటి జారే రెండు ముక్కల షాఫ్ట్) బయటికి తీస్తే రెండు చివరల యోక్‌లు (కోణంలోనూ తిరిగే యూనివర్సల్ జాయింట్ల పంగ ముక్కలు) ఒకదానికొకటి 90 డిగ్రీలు తిరిగి ఉన్నాయి. అలా ఉంటే ఒక జాయింట్ తెచ్చే వేగపు హెచ్చుతగ్గుని రెండోది తగ్గించదు, ఇంకా పెంచుతుంది. అందుకే యోక్‌ల టంకం విప్పాను. 3/32 అంగుళాల చదరపు ఇత్తడి ట్యూబులో 1/16 చదరపు ట్యూబు దూర్చాను. టంకం లోపలికి పాకకుండా, జారే భాగానికి ముందే పెన్సిల్ గ్రాఫైట్ రుద్దాలి. రెండు యోక్‌లనూ సెరామిక్ టైల్ మీద ఒకే తలంలో పడుకోబెట్టి అతికించాను (గాజు వేడికి పగులుతుంది). విప్పి మళ్ళీ దూర్చేటప్పుడు 90 డిగ్రీలు తిరిగిపోకుండా రెండు ట్యూబుల మీదా గీత పెట్టుకోండి.

తర్వాత పొడవు. కుడివైపు వంపులో షాఫ్ట్ కుంచించుకుంటుంది, అక్కడ 1 మి.మీ. ఖాళీ మిగలాలి. ఎడమవైపు వంపులో సాగుతుంది, అప్పుడు లోపలి ట్యూబు కనీసం 4 మి.మీ. బయటి ట్యూబులోనే ఉండాలి.

వంపులో రెండు జాయింట్ల కోణాలూ సమానంగా ఉండవు కాబట్టి సన్నటి అదురు మిగిలింది. చుట్టుకి ఒక్కసారే కుదిపితే ఇది మందు కాదు, వంగిన షాఫ్ట్ గానీ కేంద్రం తప్పిన బెవెల్ గేర్ (పళ్ళు ఏటవాలుగా ఉండే గేర్) గానీ చూడండి. మూడు ట్రక్కుల షే మీద ఇది పరీక్షించలేదు.