నోటి బయాప్సీ ముక్క పాడవకుండా, మన చేతులు కాలకుండా పని చేయడం ఎలా

ఒక వేసవిలో చిన్న ఊరి క్లినిక్ నుంచి మా ల్యాబ్‌కి ఒక సీసా వచ్చింది. మూత వదులుగా ఉంది, లోపల ద్రవం లేదు, అడుగున చింతగింజ పొట్టులాంటి ముక్క ఒకటి అంటుకుని ఉంది. ఫార్మలిన్, అంటే ముక్క కుళ్లకుండా గట్టిపరిచే ద్రవం, దొరక్క స్పిరిట్ పోసి పంపారట, దారిలో అది కాస్తా ఆరిపోయింది. ఆ ముక్క శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ అంగిలి నుంచి తీసింది. ఆవిడ అడ్డపొగ తాగే మనిషి, అంటే చుట్ట వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని పీల్చే అలవాటు. ఎంత ప్రయత్నించినా ఆ ముక్కలో కణాల కేంద్రకాలు కనిపించలేదు. చివరికి ఆవిడని మళ్లీ పిలిపించి అంగిలిని రెండోసారి కోయాల్సి వచ్చింది. మన అజాగ్రత్తకి పేషెంట్ నోరు రెండుసార్లు కోయించుకోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అందుకే కొత్తగా చేరిన పీజీలకీ హౌస్ సర్జన్లకీ నేను చెప్పే విషయాలన్నీ ఇక్కడ రాస్తున్నాను.

మన ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. 1969లో అచ్చయిన ఒక పెద్ద సర్వేలో దేశంలోని అయిదు జిల్లాల్లో 50,915 మంది గ్రామీణుల నోళ్లు పరీక్షించారు, ఆ అయిదింటిలో శ్రీకాకుళం ఒకటి. అడ్డపొగ తాగేవాళ్లకి అంగిలి మీద వచ్చే మార్పులు అప్పటినుంచే ప్రపంచమంతా చదువుకుంటున్న సంగతి. వాటికి తోడు గుట్కా, వక్క నమిలేవాళ్లలో వచ్చే సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్, అంటే నోటి పొర కింద నార పేరుకుని నోరు బిగుసుకుపోయే జబ్బు. మన దగ్గరికి వచ్చే ముక్కల్లో క్యాన్సర్‌కి ముందు వచ్చే మార్పులు ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి ఏ ముక్కనీ తేలిగ్గా తీసుకోకూడదు.

కత్తి పట్టుకునే ముందే సీసా సిద్ధంగా ఉండాలి. వెడల్పు మూతి ఉన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో ముక్క పరిమాణానికి కనీసం పది రెట్లు, వీలైతే ఇరవై రెట్లు ఫార్మలిన్. సన్నమూతి మందు సీసాలు వాడకండి. తాజా ముక్క మెత్తగా ఉంటుంది కాబట్టి దూరుతుంది, ఫార్మలిన్‌లో గట్టిపడ్డాక బయటికి రాదు. ఫోర్సెప్స్‌తో లాగితే చిరుగుతుంది, సీసా పగలగొడితే గాజు పెంకులు. ఇంకో ముఖ్యమైన మాట, తాగునీళ్ల సీసాలో ఫార్మలిన్ ఎప్పుడూ పోయొద్దు. అది నీళ్లలాగే కనిపిస్తుంది, లేబుల్ చూడకుండా ఎవరైనా ఎత్తి తాగితే ప్రాణం మీదికి వస్తుంది.

ఫార్మలిన్ ఎలా కలపాలో చాలామంది తప్పు చేస్తారు. బజారులో దొరికేది 37 నుంచి 40 శాతం ఫార్మాల్డిహైడ్ ఉన్న ద్రావణం. దాన్ని పదోవంతు చేస్తే 10 శాతం ఫార్మలిన్ అవుతుంది, అంటే అందులో అసలు ఫార్మాల్డిహైడ్ సుమారు 4 శాతమే. ఒక లీటరుకి ఫార్మలిన్ 100 మిల్లీలీటర్లు, డిస్టిల్డ్ వాటర్ 900 మిల్లీలీటర్లు, సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ మోనోహైడ్రేట్ 4 గ్రాములు, నీరు లేని డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. ఈ ఉప్పులు వేయకపోతే ఫార్మలిన్ నెమ్మదిగా పులిసి ఆమ్లమవుతుంది, అప్పుడు రక్తం ఉన్న చోట గోధుమ నలుపు చుక్కలు పేరుకుంటాయి, వాటిని మెలనిన్ (ఒంట్లో సహజంగా ఉండే నల్లరంగు పదార్థం) అనుకునే ప్రమాదం ఉంది. అడ్డపొగ తాగేవాళ్ల అంగిలిలో అసలైన మెలనిన్ మార్పులు కూడా ఉంటాయి కాబట్టి ఈ గందరగోళం మనకి అస్సలు వద్దు.

ఇక కోసే పని. పుండు ఉంటే నడిమధ్య చచ్చిన కణజాలం తీసుకుంటే ఏమీ తేలదు, అంచు నుంచి, పక్కనున్న ఆరోగ్యమైన పొర కొంచెం కలిసి వచ్చేలా తీయాలి. తెల్లమచ్చలో ఎర్రటి భాగమో గరుకైన భాగమో ఉంటే అక్కడినుంచే తీయండి, మార్పులు ఎక్కువగా అక్కడే ఉంటాయి. మత్తు ఇంజెక్షన్ మచ్చలోకే గుచ్చొద్దు, పక్కన చుట్టూ ఇవ్వాలి, లేకపోతే ద్రవం చేరి పొరలు విడిపోయి కనిపిస్తాయి. కాటరీ (వేడితో కోసే పరికరం) వాడితే అంచులు మాడి చదవడానికి పనికిరావు. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది మొనకి పళ్లున్న ఫోర్సెప్స్‌తో (పట్టకారుతో) గట్టిగా నొక్కి పట్టుకోవడం. కణాలు నలిగి నల్లటి గీతల్లా సాగిపోతాయి, అవి లింఫోమా (ఒక రకం క్యాన్సర్) కణాలా మామూలు వాపు కణాలా అని చెప్పలేం. ముక్క అంచుకి ఒక కుట్టు వేసి దారంతో పట్టుకోవడం సులువు. కొట్టుకుంటున్న గడ్డని, నొక్కితే తెల్లబడే నీలం గడ్డని మాత్రం డెంటల్ కుర్చీలో కోయకండి, రక్తనాళాల గడ్డ కావచ్చు.

బుగ్గ లోపలి పొర ముక్క తీయగానే తమలపాకు అంచులా చుట్టుకుపోతుంది. చుట్టుకున్నదాన్ని అలాగే ఫార్మలిన్‌లో పడేస్తే అదే ఆకారంలో గట్టిపడుతుంది, తర్వాత నేను ఏ వైపు కోసినా పొర అడ్డంగానే వస్తుంది, క్యాన్సర్ కిందిపొరలోకి దిగిందా లేదా అన్న ప్రశ్నకి జవాబు దొరకదు. అందుకే కుట్టు దారం కవరు లోపలి గట్టి కాగితం మీద, కోసిన వైపు కిందికి వచ్చేలా పరిచి, ఒక అర నిమిషం అంటుకోనిచ్చి, కాగితంతో సహా మెల్లగా ఫార్మలిన్‌లోకి జారవిడవండి. గాజుగుడ్డ మీద మాత్రం పెట్టకండి, ఎండి దానికే అంటుకుంటుంది.

పేరు, వయసు, తేదీ, ఏ వైపు ఏ చోటు నుంచి తీశారో డబ్బా మీదే రాయాలి. మూత మీద రాస్తే మూతలు మారిపోతాయి. ఒకే పేషెంట్‌కి రెండు చోట్ల తీస్తే రెండు డబ్బాలు. ఫారంలో అలవాట్లు తప్పకుండా రాయండి, గుట్కానా, చుట్టనా, అడ్డపొగనా, ఎన్నేళ్లు, రోజుకి ఎన్ని. నోట్లో ఎలా కనిపించిందో నాలుగు మాటలు రాసి, ఫోటో ఉంటే జతచేయండి. "తెల్లమచ్చ, రిపోర్ట్ కావాలి" అని ఒక్క లైను పంపితే స్లయిడ్ చూసేవాడికి సగం దారి మూసుకుపోయినట్టే. ఒక్క మినహాయింపు గుర్తుపెట్టుకోండి. పెంఫిగస్ లాంటి బొబ్బల జబ్బు అనుమానం ఉండి ఇమ్యునోఫ్లోరెసెన్స్ (పొరలో అంటుకున్న యాంటీబాడీలని మెరిసే రంగుతో చూసే పరీక్ష) చేయాలనుకుంటే, పుండు పక్కన మామూలుగా కనిపించే పొర నుంచి ఇంకో ముక్క తీసి ఆ పరీక్షకి వాడే మిషెల్ మీడియం అనే ద్రవంలో పంపాలి. దాన్ని ఫార్మలిన్‌లో వేశారంటే ఆ పరీక్ష పోయినట్టే.

ల్యాబ్‌లో ముక్క చేతికి రాగానే తొందరపడి ప్రాసెసింగ్‌లో పెట్టకండి. ఫార్మలిన్ లోపలికి గంటకి సుమారు ఒక మిల్లీమీటరే దిగుతుంది, లోపల కణాలు పూర్తిగా గట్టిపడాలంటే, అంటే ఫిక్స్ అవ్వాలంటే, ఇంకా టైం కావాలి. చిన్న బయాప్సీలకి కూడా ఆరు గంటలు తక్కువ కాకుండా, మామూలుగా ఒక రాత్రి వదిలేస్తాం. పెద్ద ఆపరేషన్ స్పెసిమెన్ అయితే ముందు అయిదేసి మిల్లీమీటర్ల మందంతో కోసి, తాజా ఫార్మలిన్ మార్చాలి. పన్ను, ఎముక ఉంటే కాల్షియం తీసేయాలి, అది కూడా పూర్తిగా ఫిక్స్ అయ్యాకే. పది శాతం ఫార్మిక్ ఆసిడ్ మెల్లగా, పొరలకి మేలుగా పనిచేస్తుంది. జన్యు పరీక్ష చేయాలంటే ఈడీటీఏ (కాల్షియంని మెల్లగా పట్టి లాగే రసాయనం) వాడాలి, వారాలు పట్టినా సరే. ఎనామెల్ మాత్రం ఆసిడ్‌లో మిగలదు, అది చూడాలంటే పన్నుని అరగదీసి పలచటి పలక చేసుకోవాల్సిందే.

తర్వాత నీళ్లు తీసేసే ఆల్కహాల్, ఆల్కహాల్ తీసేసే జైలీన్, ముక్కని పట్టి ఉంచే మైనం దిమ్మ (బ్లాక్), అక్కడినుంచి నాలుగైదు మైక్రాన్ల పొర, హెమటాక్సిలిన్ ఇయోసిన్ రంగు. ఇది ప్రతి ల్యాబ్‌లో కొంచెం కొంచెం తేడాతో ఉంటుంది, మీ టెక్నీషియన్ దగ్గర కూర్చుని నేర్చుకోవడమే మంచిది. అందులో కొత్తవాళ్లు పట్టించుకోనిది ఒకటి ఉంది, బ్లాక్‌లో ముక్కని నిలబెట్టే దిశ. పొర పైన, కిందిపొర కింద ఉండేలా నిలబెట్టాలి. పడుకోబెడితే స్లయిడ్‌లో పొర అంతా వంకరగా కోసుకుపోయి, మంచి పొర కూడా డిస్‌ప్లాసియాలా (క్యాన్సర్‌కి దారితీయగల కణాల క్రమం తప్పడంలా) భయపెడుతుంది, నిజంగా ఉన్నది ఒక్కోసారి దొరకదు.

ఇక మన భద్రత. ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి వర్గంలో పెట్టింది. సర్జికల్ మాస్క్, ఎన్95 రెండూ దాని ఆవిరిని ఆపవు, అవి తుంపరల కోసం. గ్రాసింగ్ (ముక్కని కంటితో చూసి కోసే పని) ఎప్పుడూ గాలి లాగేసే హుడ్ కింద చేయాలి, అది లేకపోతే కిటికీ పక్కన ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసుకుని, ముక్కని ముందు కుళాయి నీళ్లలో కాసేపు కడిగి చేయాలి. కాసేపయ్యాక వాసన తెలియడం లేదంటే గాలి బాగుందని కాదు, ముక్కు అలవాటు పడిందని. కళ్లజోడు పెట్టుకోండి, కాంటాక్ట్ లెన్సులు తీసేయండి. కంట్లో చిమ్మితే పదిహేను నిమిషాలు ఆగకుండా నీళ్లతో కడిగి, ఆ తర్వాత కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఫార్మలిన్‌కి నైట్రైల్ గ్లౌజులు వాడండి. కానీ జైలీన్ నైట్రైల్‌లోంచి కూడా నిమిషాల్లో దిగిపోతుంది, చుక్క పడితే వెంటనే గ్లౌజు మార్చండి.

జైలీన్ ఆవిరి నిప్పురవ్వ తగిలితే అంటుకోవడం మొదలయ్యేది సుమారు 27 నుంచి 30 డిగ్రీల దగ్గర. మే నెలలో మన ల్యాబ్ గది అంతకంటే వేడిగా ఉంటుంది. అంటే ఏసీ లేని గదిలో తెరిచిపెట్టిన జైలీన్ జాడీ, పక్కన వెలిగించిన స్పిరిట్ దీపం ఉంటే ప్రమాదం నిజంగానే పక్కన ఉన్నట్టు. జాడీలకి మూతలు, ఆల్కహాల్ జైలీన్ నిల్వ ఒక ఇనుప బీరువాలో, మైనం ఓవెన్‌కి దూరంగా. ఫార్మలిన్ ఒలికితే బ్లీచింగ్ పౌడర్ ద్రావణంతో తుడవకండి, విషవాయువులు వస్తాయి. అలాగే ఫార్మలిన్‌లోంచి తీసిన ఎముకని కడక్కుండా హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌లో వేయొద్దు, ఆ రెండూ కలిస్తే క్యాన్సర్ కలిగించే ఇంకో పదార్థం పుడుతుంది.

మైక్రోటోమ్ (బ్లాక్‌ని పలచటి పొరలుగా కోసే యంత్రం) దగ్గర ఒక క్రమం అలవాటు చేసుకోండి. ముందు బ్లాక్ బిగించి, చక్రం లాక్ చేసి, ఆఖరున బ్లేడు పెట్టాలి. తీసేటప్పుడు ముందు బ్లేడు, తర్వాత బ్లాక్. టీ తాగడానికి లేచినా సరే లాక్ వేసి గార్డు మూయాలి. బ్లేడు జారి పడితే పట్టుకోవడానికి చెయ్యి చాచకండి, పడనివ్వండి. మా దగ్గర ఒకమ్మాయి చాచింది, అరచేతికి నాలుగు కుట్లు పడ్డాయి.

తాజా ముక్కతో పనిచేసేటప్పుడు సూదో బ్లేడో గుచ్చుకుంటే సబ్బూ నీళ్లతో కడగండి, పిండకండి, ఎవరికీ చెప్పకుండా దాచకండి. హెచ్‌ఐవీ నివారణ మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే పనిచేస్తాయన్న నమ్మకం పోతుంది, కోర్సు 28 రోజులు. హెపటైటిస్ బీ టీకా మూడు డోసులు ల్యాబ్‌లో చేరకముందే వేయించుకుని, ఆ తర్వాత యాంటీబాడీ పరీక్ష చేయించుకోండి, మిల్లీలీటరుకి 10 మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్లు లేదా అంతకంటే ఎక్కువ రావాలి. చాలామంది టీకా దగ్గర ఆగిపోతారు, పరీక్ష చేయించుకోరు, దయచేసి అలా చేయకండి. చెత్త విషయంలో 2016 నిబంధనల ప్రకారం కణజాలం పసుపు సంచిలోకి, బ్లేడ్లు సూదులు చిల్లుపడని తెల్ల డబ్బాలోకి, పగిలిన గాజు నీలం డబ్బాలోకి. వాడిన ఫార్మలిన్, జైలీన్ సింక్‌లో పారబోయకూడదు, విడిగా క్యాన్లలో పోసి వ్యర్థాలు తీసుకెళ్లే సంస్థకి ఇవ్వాలి.

థీసిస్ కోసం పాత బ్లాకులు వాడుకునే పీజీలు ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోండి, పేర్లు తీసేసి నంబర్లు వేసుకోండి. బ్లాక్ మొత్తం కోసేయొద్దు, ఆ పేషెంట్ రేపు తిరిగివస్తే మళ్లీ చూడాల్సింది అదే. వారాల తరబడి ఫార్మలిన్‌లో నానిన ముక్కలో ఇమ్యునో రంగు (యాంటీబాడీలతో ప్రొటీన్లని గుర్తించే రంగు) సరిగా పట్టదు, కాబట్టి ఏ బ్లాక్ ఎంతసేపు ఫిక్స్ అయిందో తెలిస్తేనే లెక్కలో తీసుకోండి.

మొదట చెప్పిన పెద్దావిడ రెండో ముక్క సరిగా పరిచి, వెడల్పు డబ్బాలో వచ్చింది. అంగిలి పొర అడుగు నుంచి మూడింట రెండు వంతుల దాకా కణాలు క్రమం తప్పాయి, కానీ కిందిపొరలోకి ఎక్కడా దిగలేదు. మోడరేట్ డిస్‌ప్లాసియా అని రాసి, రిపోర్ట్ టపాలో పడేదాకా ఆగకుండా ఆ క్లినిక్‌కి నేనే ఫోన్ చేశాను.