ఎస్ప్రెస్సో నీళ్లలా పడుతోందా? ముందు ప్యాకెట్ తిప్పి చూడండి

లక్షణం ఇదీ. 18 గ్రాముల పొడి వేశారు, సమంగా నొక్కారు, మిషన్ ఆన్ చేశారు. 36 గ్రాముల షాట్, అంటే ఒక విడత కాఫీ, దిగడానికి 25 నుంచి 30 సెకన్లు పట్టాలి. మీకు 12 సెకన్లకే కప్పు నిండింది. పైన తేలాల్సిన నురగ, అదే క్రీమా, లేదు, ఉన్నా లేత పసుపు రంగులో తేలి అర నిమిషంలో పోయింది. తాగితే నానిన అట్టముక్క రుచి.

అప్పుడు నాకు ఫోన్ వస్తుంది: "అన్నా, మిషన్ ఖరాబైనట్టుంది." నేను అడిగేది ఒక్కటే. గింజలు ఎప్పుడు వేయించినవి? అవతల చప్పుడుండదు. వేలు పోసి మిషన్ కొన్నవాళ్లు కూడా ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడరు. నాకు బాధ కలిగేది అక్కడే.

కారణం: గింజలు పాతబడ్డాయి

గింజను వేయించినప్పుడు లోపల కార్బన్ డయాక్సైడ్ నిలుస్తుంది. 9 బార్ల ఒత్తిడితో వేడినీళ్లు వచ్చినప్పుడు ఆ వాయువూ, గింజలోని నూనెలూ కలిసి క్రీమా అవుతాయి. నీళ్లు ఒక్కసారిగా జారిపోకుండా కొంత అడ్డుపడేది కూడా ఆ వాయువే. రోజులు గడిచేకొద్దీ అది బయటికి పోతుంది, గాలి తగిలి నూనెలు చెడతాయి. వేయించిన పల్లీలను మూత సరిగా పెట్టకుండా నెలరోజులు వదిలేస్తే ఏ వాసన వస్తుందో పాలమూరు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. కాఫీ గింజకు జరిగేదీ అదే. ఎస్ప్రెస్సోకు వేయించిన వారం పది రోజుల నుంచి నాలుగైదు వారాల వరకే మంచి కాలం.

మన ఊళ్లలో ఇంకో చిక్కుంది. నల్గొండైనా మహబూబ్‌నగరైనా జనం తాగేది చాయ్. సూపర్ మార్కెట్‌కు ఒక డబ్బా గింజల ప్యాకెట్లు వస్తే అవి నెలల తరబడి కదలవు. మేలో బయట 43 డిగ్రీలుంటుంది, రాత్రి షట్టర్ దించాక ఏసీ ఉండదు. అద్దం పక్కన ర్యాక్‌లో ఉన్న ప్యాకెట్ అయితే ఇంకా త్వరగా పాడవుతుంది.

అసలు మోసపోయేది ఇక్కడ

తేదీ చూసి కొన్నా మోసపోయాను నేను. ప్యాకెట్ మీద 12 రోజుల కిందటి తేదీ ఉంది. తాజా సరుకే అనుకుని సంతోషంగా తెచ్చుకున్నాను. షాట్ 14 సెకన్లకే అయిపోయింది. గ్రైండర్‌ను ఒక్కో గీత సన్నం చేస్తూ పోయాను, మిషన్‌లోని రబ్బరు రింగు (గ్యాస్కెట్) మార్చాను, నిమ్మ ఉప్పు నీళ్లతో మిషన్ లోపలంతా కడిగాను. వారం గడిచింది, అర కిలో గింజలు అయిపోయాయి. చివరికి ప్యాకెట్ మీదున్న నంబర్‌కు ఫోన్ చేస్తే తెలిసింది. వేయించిన గింజలు వాళ్లకు వేరే చోటి నుంచి పెద్ద సంచుల్లో వస్తాయట. ఆర్డర్‌ను బట్టి చిన్న ప్యాకెట్లలో నింపుతారట. ఎప్పుడు వేయించారో వాళ్లకే తెలియదు. నేను చూసింది ప్యాకింగ్ తేదీ.

అందుకే గట్టిగా చెబుతున్నాను. ప్యాకింగ్ తేదీ వేరు, వేయించిన తేదీ వేరు. 'బెస్ట్ బిఫోర్' సంవత్సరం తర్వాత ఉందంటే అప్పటిదాకా సరుకు బాగుంటుందని కంపెనీ చెప్పే మాట మాత్రమే, ఎస్ప్రెస్సోకు పనికొస్తుందని కాదు. మీరు వెతకాల్సిన మాట 'రోస్టెడ్ ఆన్'. అది లేకపోతే ఆ ప్యాకెట్ వయసు మీకు తెలియనట్టే. ముందు వైపు పెద్ద అక్షరాలతో అరకు అనో చిక్కమగళూరు అనో ఉంటుంది. ఆ రెండు చోట్ల అరబికాకూ 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, నిజమే. కానీ ఆ పేరు ఎక్కడ పండిందో చెబుతుంది, ఎప్పుడు వేయించారో చెప్పదు. ప్యాకెట్‌కున్న చిన్న వాల్వ్ కూడా తాజాదనానికి గుర్తు కాదు, వాయువు బయటికి పోవడానికి పెట్టిన దారి.

ఇంకో సంగతి. చిన్న మిషన్లతో వచ్చే రెండు పొరల బాస్కెట్ (పొడి వేసే జల్లెడ గిన్నె) ఎంత పాత గింజలతోనైనా నురగ తెప్పిస్తుంది. ఆ నురగ చూసి గింజలు మంచివేనని నిర్ణయించుకోకండి.

అనుమానముంటే పిడికెడు గింజలు జిప్ కవర్లో వేసి, గాలి మొత్తం తీసేసి, రాత్రంతా ఉంచండి. తాజావైతే పొద్దున్నకు కవర్ ఉబ్బుతుంది. అలాగే చదునుగా పడి ఉంటే ఇక గ్రైండర్ జోలికి పోవద్దు.

ఏం చేయాలి

వేయించిన తేదీ ఉండి, నాలుగు వారాలు దాటని ప్యాకెట్ మాత్రమే తీసుకోండి. ర్యాక్‌లో వెనక వరసవి కూడా చూడండి, కొత్తవి సాధారణంగా అక్కడే సర్దుతారు. కొత్త డబ్బా ఎప్పుడొస్తుందో అక్కడి అబ్బాయినే అడగండి, రెండుసార్లు అడిగితే మూడోసారి వాళ్లే చెబుతారు. తేదీ ఉన్నది ఊళ్లో దొరక్కపోతే ఆర్డర్ వచ్చాక వేయించి పంపేవాళ్ల దగ్గర తెప్పించుకోండి, కొరియర్లో గడిచే రోజులు గింజ కుదురుకోవడానికే పనికొస్తాయి. 250 గ్రాములకు మించి కొనకండి. రోజుకు రెండు షాట్లయితే వారంలో అయిపోతుంది. ఒకటి కొంటే ఒకటి ఉచితం అని పెట్టారంటే ఆ సరుకు కదలడం లేదని అర్థం.

ఇంట్లో అదే కవర్లో గాలి నొక్కేసి, క్లిప్ పెట్టి, పొయ్యికి దూరంగా అల్మారాలో ఉంచండి. ఫ్రిజ్‌లో వద్దు, చెమ్మ పడుతుంది, అల్లం వెల్లుల్లి వాసన పడుతుంది.

మిగతావి

వేయించి రెండు రోజులే అయితే నురగ విపరీతంగా వచ్చి షాట్ ఎగుడుదిగుడుగా పడుతుంది, వారం ఆగండి. షాట్ పడకుండా చుక్కలు చుక్కలుగా దిగుతుంటే మీరు తెచ్చింది చికోరీ కలిపిన ఫిల్టర్ పొడేమో చూడండి. ఫ్లోరైడ్ భయంతో మన దగ్గర చాలా ఇళ్లలో ఆర్‌ఓ నీళ్లే వాడతారు, వాటిలో ఖనిజాలు మరీ తక్కువైతే రుచి చప్పబడుతుంది, కానీ షాట్ 12 సెకన్లకు పరుగెత్తదు. పంపు పాడవడం అరుదు, గింజలు మార్చి చూశాకే మెకానిక్‌ను పిలవండి.

ఇప్పటికే కొన్న పాత ప్యాకెట్‌ను పారేయకండి. కొంచెం గరుకుగా పట్టి, ఫిల్టర్‌లో డికాక్షన్ దింపి, పాలు కలిపి తాగండి.