స్నో పీస్ వేయించడం ఎలా? పని రెండు నిమిషాలే, దించడం తెలిస్తే

స్నో పీస్‌ను పాడుచేయడం చాలా తేలిక. రెండు నిమిషాల్లో అయిపోవలసిన వేపుడును పది నిమిషాలు పొయ్యి మీద ఉంచుతారు. మూత పెడతారు, మధ్యలో నీళ్లు చిలకరిస్తారు. చివరికి ఖాకీ రంగుకు తిరిగిన పీలికలను గిన్నెలోకి ఎత్తి, ‘ఈ కాయల్లో అసలు రుచే లేదు’ అని తీర్పు చెబుతారు. రుచి కాయలో ఉంది. దాన్ని పొయ్యి మీద వదిలేసింది మనం.

ముందుగా ఇది ఎలాంటి కాయో తెలిస్తే సగం పొరపాట్లు వాటంతటవే ఆగిపోతాయి. ఇది బఠానీయే, కాకపోతే గింజలు ఒలిచి తొక్క పారేసే రకం కాదు. మామూలు బఠానీ కాయ గోడకు లోపలివైపున ఒక గట్టి పీచు పొర ఉంటుంది. ఎంత ఉడికించినా అది నలగదు కాబట్టే తొక్కను పారేస్తాం. స్నో పీస్‌లో ఆ పొర ఉండదు. గ్రెగర్ మెండెల్ 1866లో అచ్చయిన బఠానీ మొక్కల అధ్యయనంలో ఏడు లక్షణాలను పోల్చి చూశాడు. వాటిలో ఒకటి కాయ ఆకారం. కొన్ని కాయలు నున్నగా ఉబ్బి ఉంటాయి, కొన్ని గింజల మధ్య లోపలికి నొక్కుకుపోయి ఉంటాయి. ఆ నొక్కులకు మూలం ఈ పీచు పొర లేకపోవడమే. వంటకూ మెండెల్‌కూ సంబంధం ఏమిటని అడగవచ్చు. ఉంది. మెత్తబడేదాకా ఉడికించవలసిన భాగమే ఈ కాయలో లేదు. పలుచని గోడ, లోపల చిన్న గింజలు, అంతే. వేడి క్షణాల్లో లోపలిదాకా చేరుతుంది. అయినా బీన్స్‌కు ఇచ్చినంత సమయం దీనికీ ఇస్తున్నారు.

షుగర్ స్నాప్ అని గుండ్రంగా ఉండే మరో రకం ఉంది. అమెరికాలో కాల్విన్ లాంబోర్న్ దాన్ని రూపొందించాడు, 1979లో మార్కెట్లోకి వచ్చింది. దాని గోడ మందంగా ఉంటుంది కాబట్టి ఇక్కడ చెప్పే సమయానికి ఇంకొక నిమిషం కలుపుకోవాలి. రెండు రకాలనూ ఒకే బాణలిలో కలిపి వేయించవద్దు. ఒకటి సరిగ్గా కుదిరేసరికి రెండోది చెడిపోతుంది.

కాయలు, సామగ్రి

కాయ పల్చగా, బల్లపరుపుగా ఉండాలి. గింజలు పైకి కనీకనిపించనట్టు ఉండాలి. వంచితే టక్కున విరగాలి. వంగి ఊరుకుంటే అది వాడిపోయింది. గింజలు ఉబ్బి బయటికి పొడుచుకువచ్చిన కాయలు ముదిరినవి, వాటిని గింజలు ఒలుచుకోవడానికి వాడండి. కోసిన తర్వాత కూడా ఈ కాయలు వేగంగా శ్వాసిస్తూ తమలోని చక్కెరను ఖర్చు చేసుకుంటూనే ఉంటాయి. అందుకే తెచ్చిన రోజు తిన్నప్పుడు ఉన్న తీపి నాలుగో రోజున ఉండదు. కడగకుండా, గాలి కాస్త ఆడే సంచిలో ఫ్రిజ్‌లో పెట్టి, వీలైనంత త్వరగా వండేయాలి.

గడ్డకట్టించి అమ్మే స్నో పీస్‌తో ఈ పని చేయవద్దు. గడ్డకట్టేటప్పుడు ఏర్పడే మంచు పలుకులు కాయలోని కణాల గోడలను చీల్చేస్తాయి. కరగగానే నీరు కారుతుంది, కాయ వాలిపోతుంది. సూపులో వేసుకోవచ్చు, వేపుడుకు పనికిరావు.

ముగ్గురికి పక్క వంటకంగా సరిపోవాలంటే 250 గ్రాముల కాయలు, ఒక పెద్ద చెంచా నూనె, రెండు వెల్లుల్లి రెబ్బలు, పావు చెంచా ఉప్పు, అర నిమ్మచెక్క చాలు. 30 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న బరువైన బాణలి కావాలి. నూనె ఎక్కువ వేడిని తట్టుకునేదై ఉండాలి. శుద్ధి చేసిన వేరుశనగ నూనె బాగుంటుంది. వెన్న వాడవద్దు, మనకు కావలసిన వేడికి రాకముందే దానిలోని పాల పదార్థం మాడిపోతుంది. నువ్వుల వాసన కావాలంటే వేయించిన నువ్వుల నూనె నాలుగు చుక్కలు దించిన తర్వాత వేసుకోవాలి, వేయించడానికి కాదు.

ఈనెలు తీయడం, తడి ఆర్చడం

కాయకు రెండు అంచుల వెంట ఈనెలు ఉంటాయి. తొడిమ ఉన్న కొసను గోటితో గిల్లి, పూర్తిగా తెంచకుండా, అంచు వెంట కిందికి లాగితే సన్నటి దారం ఒకటి చివరిదాకా ఊడి వస్తుంది. రెండో కొస నుంచి అవతలి అంచుకూ అలాగే చేయాలి. చాలా లేతగా ఉంటే ఒకవైపు ఏమీ రాకపోవచ్చు, ఫరవాలేదు. కాయలన్నీ పేర్చి రెండు కొసలూ కత్తితో ఒకేసారి కోసేయడం చూడడానికి చురుకైన పనే. కానీ ఆ కోతకు కొస పోతుంది, ఈనె అక్కడే ఉంటుంది. అది తినేటప్పుడు పళ్ల మధ్య ఇరుక్కుంటుంది. పావుకిలో కాయలకు ఈ పని పది నిమిషాలకు మించదు. మొత్తం వంటలో ఓపిక కావలసింది ఇక్కడే.

కాయలను ముక్కలుగా తరగవద్దు. ఏటవాలుగా సన్నగా చీరితే అందంగా ఉంటుందనే వారున్నారు. చీరిన ప్రతిచోటా రసం కారుతుంది, గింజలు రాలిపోయి నూనెలో మాడతాయి. కాయను కాయలాగే వేయించాలి.

ఈనెలు తీశాక కడిగి, పొడి గుడ్డ మీద పరిచి, పైన మరో గుడ్డతో అద్దండి. జల్లెడలో వేసి రెండుసార్లు దులిపితే సరిపోదు. ఒక గ్రాము నీటిని సున్నా నుంచి 100 డిగ్రీలకు కాచడానికి ఎంత వేడి కావాలో, ఆ 100 డిగ్రీల నీటిని ఆవిరి చేయడానికి దానికి ఐదు రెట్లకు పైగా కావాలి. కాయల మీద ఉన్న తడి అంతా ఆ వేడిని బాణలి నుంచే లాక్కుంటుంది. తడి ఆరేదాకా అక్కడ జరిగేది వేగడం కాదు, ఆవిరికి ఉడకడం. ఆ ఆవిరి పోయేసరికి మనకున్న రెండు నిమిషాలూ అయిపోతాయి.

ఎక్కువమందికి చేయాలంటే రెండు విడతలుగా వేయించండి. అరకిలో ఒకేసారి కుమ్మరిస్తే అడుగున ఉన్నవి కాలుతూ, పైన ఉన్నవి పచ్చిగా ఉండిపోతాయి. మధ్యలో ఉన్నవి ఉడుకుతాయి. కాయలు బాణలిలో దాదాపు ఒకే వరుసగా పరుచుకోవాలి.

పొయ్యి మీద

పొయ్యి వెలిగించే ముందే ఒక వెడల్పాటి పళ్లెం పక్కన పెట్టుకోండి. ఉప్పు, చెంచా కూడా చేతికి అందేలా ఉండాలి. మొదలుపెట్టాక వెతుక్కునే తీరిక ఉండదు.

ఖాళీ బాణలిని పెద్ద మంట మీద పెట్టి బాగా వేడెక్కనివ్వాలి. నీటి చుక్క వేస్తే చుయ్యిమని అక్కడికక్కడే ఆవిరైపోవాలి. అప్పుడు నూనె పోసి, అది పల్చబడి తళతళలాడగానే వెల్లుల్లి వేయాలి. వెల్లుల్లిని తరగకూడదు, కత్తి బల్లపరుపుతో చితక్కొట్టి రెబ్బలుగానే వేయాలి. సన్నగా తరిగిన వెల్లుల్లి ఈ వేడికి పదిహేను క్షణాల్లో మాడి చేదెక్కుతుంది, ఆ చేదు మొత్తం వంటకానికి పాకుతుంది. చితక్కొట్టిన రెబ్బ నూనెకు వాసన ఇచ్చి పక్కన ఉండిపోతుంది. ఆ వాసన రాగానే కాయలన్నీ ఒక్కసారిగా వేసేయండి.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదవండి. ఇంతదాకా చెప్పినవాటిలో చిన్నా పెద్దా తేడాలు వచ్చినా తినగలిగే వంటకమే వస్తుంది. ఇప్పుడు తేడా వస్తే రాదు.

వేసిన వెంటనే గరిటె పెట్టి కలిపేయవద్దు. పరిచి, ఇరవై క్షణాలు వదిలేయండి. చిటపటమని పొడి చప్పుడు రావాలి. దానికి బదులు బుసబుసమని ఆవిరి చప్పుడు వస్తే తడి ఉందని అర్థం. మంట ఇంకా పెంచగలిగితే పెంచండి. మూత మాత్రం పెట్టవద్దు, ఇప్పుడనే కాదు, ఏ దశలోనూ. వేడి తగలగానే కాయలోంచి కొన్ని ఆమ్లాలు ఆవిరితో పాటు బయటికి పోతాయి. మూత పెడితే అవే చుక్కలు కట్టి తిరిగి కాయల మీద పడతాయి. ఆకుపచ్చ రంగుకు ఆమ్లమే శత్రువు.

ఇరవై క్షణాల తర్వాత బాణలిని ఒకసారి ఎగరేసి, ఆపైన ఆపకుండా కలుపుతూ ఉండాలి. అరనిమిషం గడిచేసరికి కాయల రంగు ఒక్కసారిగా మారుతుంది. పచ్చిగా ఉన్నప్పుడు పైన ఉన్న మసక పోయి, నిగనిగలాడే పచ్చదనం వస్తుంది. కణాల మధ్య చిక్కుకున్న గాలి వేడికి బయటికి పోవడం వల్ల లోపలి పత్రహరితం స్పష్టంగా కనిపిస్తుంది, అంతే. అది చూసి అయిపోయిందని దించితే పచ్చివాసన మిగులుతుంది. అది చూసి ‘ఇప్పుడే కదా మొదలైంది’ అని నిమ్మళంగా కూర్చున్నా మోసపోతారు. ఆ మెరుపు కనిపించాక మీ చేతిలో ఉన్నది ఒక్క నిమిషం.

ఉప్పు ఇప్పుడు వేయాలి, ముందు కాదు. ముందే వేస్తే అది కాయల్లోంచి నీరు లాగుతుంది, తడి ఆర్చడానికి పడ్డ శ్రమంతా వృథా.

ఉప్పు వేసి రెండుసార్లు తిప్పాక ఒక కాయ తీసి కొరికి చూడండి. మరీ చిన్నదీ మరీ పెద్దదీ కాకుండా మధ్యరకం కాయను ఎంచుకోవాలి. పళ్ల కింద కాయ గోడ కొద్దిగా లొంగి, వెంటనే కరకరమని తెగాలి. పచ్చివాసన పోయి తీపి పైకి రావాలి. గింజల దగ్గర మాత్రం ఇంకా కొంచెం పచ్చిగా, ‘మరో అరనిమిషం ఉంచితే సరిగ్గా ఉంటుంది’ అనిపించాలి. సరిగ్గా అలా అనిపించినప్పుడే దించేయాలి. ఆ అరనిమిషం ఇవ్వకూడదు. ఎందుకంటే పొయ్యి ఆపినంత మాత్రాన ఉడకడం ఆగదు. కాయలోకి చేరిన వేడి బల్ల మీదికి వచ్చేదాకా తన పని చేసుకుపోతూనే ఉంటుంది. బాణలిలో సరిగ్గా ఉన్నది పళ్లెంలో మెత్తనవుతుంది. బాణలిలో కొంచెం తక్కువగా ఉన్నదే పళ్లెంలో సరిగ్గా ఉంటుంది. స్నో పీస్ వంటలో తెలుసుకోవలసిన విద్య ఏదైనా ఉంటే అది ఇదే. చాలామంది దీన్ని నమ్మరు. కొరికి చూసి, సరిగ్గా ఉందని ముచ్చటపడి, ఆ తర్వాత పొయ్యి ఆపుతారు.

గడియారం చూసేవారికి లెక్క చెప్పాలంటే, వేసినప్పటి నుంచి దించేదాకా ఒకటిన్నర నుంచి రెండు నిమిషాలు. పొయ్యి బలహీనమైతే రెండున్నర. మూడు దాటకూడదు. కానీ గడియారాన్ని నమ్ముకోవద్దు, కాయ మందాన్ని బట్టి, మంటను బట్టి లెక్క మారుతుంది. కొరికి చూడడమే కొలత.

ఆపిన పొయ్యి మీద, వేడి బాణలిలో కాయలను అలాగే వదిలేయడం రెండో ఘోరం. బరువైన ఇనుప బాణలి చాలాసేపు వేడిని పట్టి ఉంచుతుంది. ముందుగా పెట్టుకున్న వెడల్పాటి పళ్లెంలోకి వెంటనే బోర్లించి, పలుచగా పరచండి. లోతైన గిన్నెలో కుప్పగా పోస్తే అడుగున ఉన్నవి తమ ఆవిరికి తామే ఉడికిపోతాయి. పళ్లెం మీద కూడా మూత వద్దు. వేడి చల్లారిపోతుందనే భయం వద్దు, ఇవి గోరువెచ్చగా ఉన్నప్పుడే ఎక్కువ తియ్యగా ఉంటాయి.

నిమ్మరసం, వంటసోడా, మరిగే నీళ్లు

నిమ్మరసం తినబోయే ముందు పిండాలి. పత్రహరితం అణువు మధ్యలో మెగ్నీషియం ఉంటుంది. వేడీ ఆమ్లమూ కలిసి దాన్ని తొలగిస్తే మిగిలేది ఆ దిగులు పుట్టించే ఖాకీ రంగే. వేడిగా ఉన్న బాణలిలోనే నిమ్మకాయ పిండితే ఆ పని మీ చేతులతో మీరే చేసినట్టు. ఎక్కువసేపు ఉడికించినా అదే జరుగుతుంది, కాయలోనే ఉన్న ఆమ్లం అందుకు చాలు.

రంగు నిలవడానికి చిటికెడు వంటసోడా వేయమనే సలహా ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. రంగు నిలుస్తుంది, అది నిజమే. కానీ క్షారం కాయ గోడలను పట్టి ఉంచే పదార్థాన్ని కరిగించేస్తుంది. కంటికి పచ్చగా, నోటికి బంకగా ఉండే కాయ ఎవరికి కావాలి? రెండు నిమిషాల్లో దించేవారికి సోడాతో పనే లేదు.

ఇక ముందు మరిగే నీళ్లలో వేసి, మంచు నీళ్లలో ముంచి, ఆ తర్వాత నూనెలో వేయించే పద్ధతి. అన్నీ సమానంగా ఉడుకుతాయని దాని సమర్థకులు అంటారు. అలాగే ఉడుకుతాయి, కానీ కాయలోని చక్కెరలో, సి విటమిన్‌లో కొంత ఆ నీళ్లలోకి దిగి పారబోతకు పోతుంది. పైగా మంచు నీళ్లలోంచి తీసిన తడి కాయలను మళ్లీ వేడి నూనెలో వేయాలి. ఏ తడిని వదిలించుకోవడానికి గుడ్డతో అద్దామో దాన్నే తెచ్చి పెట్టుకోవడమన్నమాట. చల్లగా తినే సలాడ్‌కైతే ఆ పద్ధతి మంచిదే. ఉప్పు వేసి మరిగించిన నీళ్లలో అరనిమిషం నుంచి ముప్పావు నిమిషం ఉంచి, మంచు నీళ్లలో పూర్తిగా చల్లార్చి, ఆరబెట్టాలి. వేడి వేపుడుకు మాత్రం అది రెండు గిన్నెల చాకిరీ.

సోయా సాస్ విషయంలో నా మాట కచ్చితం: వద్దు. ఉప్పదనం ఎక్కువై తీపి మూగబోతుంది, పచ్చదనం మీద గోధుమ రంగు పూత పడుతుంది. ఘాటు కావాలంటే అల్లాన్ని సన్నటి పోగులుగా తరిగి వెల్లుల్లితో పాటు వేయండి. వేయించిన నువ్వులు చల్లుకోవచ్చు. అంతకు మించి ఏది వేసినా అది వేరే వంటకం.

భోజనానికి అన్నీ సిద్ధమయ్యాక, అందరూ కూర్చున్నాక, చివరగా వేయించాల్సింది ఇదే. ముందే చేసి పెట్టుకుని మళ్లీ వేడి చేసేది కాదు. మిగిలిపోతే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు చల్లగానే, రెండు చుక్కల నిమ్మరసంతో తినేయండి. మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టవద్దు.